బొమ్మ తుపాకీకి ఈలలు

ఇక్కడ అమెరికాలో మన తెలుగువాళ్ల మొన్నటి దసరా సంబరాల్లో పిల్లల సన్మానం మీరంతా చూశారు. స్పెల్లింగ్ బీ, రోబోటిక్స్, కూచిపూడి అరంగేట్రం, అన్నింటికీ శాలువాలు కప్పారు. మా అన్నయ్య కూతురి పేరు మాత్రం చివరి నిమిషంలో జాబితాలోంచి ఎగిరిపోయింది. ఆ పిల్ల జూనియర్ రైఫిల్ జట్టులో ఉంది, ఈ వేసవిలో ఒహాయోలోని క్యాంప్ పెర్రీ షూటింగ్ పోటీలకు వెళ్లొచ్చింది. "తుపాకీ కదా అన్నగారూ, స్టేజీ మీద బాగోదు" అని కమిటీవాళ్లు నసిగారు. కాసేపటికి అదే స్టేజీ మీద కుర్రాళ్లు ప్లాస్టిక్ తుపాకులు తిప్పుతూ మాస్ పాటకు గంతులేస్తే హాలంతా ఈలలు! పొద్దున జమ్మి పూజ చేసి, పాండవులు ఆయుధాలు దాచిన కథ చెప్పుకున్నదీ ఆ హాల్లోనే.

నేను ఆ పిల్లతో షూటింగ్ రేంజ్‌కి వెళ్తుంటాను. హీరోలా పిడికిలి బిగిస్తే అక్కడ గురి తప్పినట్టే. బోర్లా పడుకుంటుంది. ఎడమ చెయ్యి రైఫిల్‌ని పట్టుకోదు, అరచెయ్యి తెరిచే ఉంటుంది. బరువంతా పైచేతికి బిగించిన స్లింగ్ అనే పట్టీ మోస్తుంది. కుడిచేతి కింది మూడు వేళ్లూ పిడిని తిన్నగా భుజంలోకి లాగుతాయి, బొటనవేలు ఊరికే ఆనుకుని ఉంటుంది. చూపుడువేలు ట్రిగ్గర్‌కి తప్ప ఇంక దేనికీ తగలకూడదు, తగిలిందా తుపాకీని కూడా పక్కకు నెట్టేస్తుంది. ఒకసారి కళ్లు మూసి, ఊపిరి వదిలి, తెరిచి చూస్తుంది. గురి జరిగి ఉంటే చేత్తో నెట్టదు, ఒళ్లే కొంచెం జరుపుకుంటుంది. మొదటి గుండుకి ఎంత పట్టు ఉందో ఇరవయ్యో గుండుకీ అంతే ఉండాలి. "బాబాయ్, బిగిస్తే నా గుండె కొట్టుకోవడం కూడా గురిచూసే సైట్‌లో కనిపిస్తుంది" అంటుంది. గురిలో డిగ్రీలో 60వ వంతు తేడా వస్తే 600 గజాల దగ్గర గుండు 6 అంగుళాలకు పైగా పక్కకు పోతుంది. అక్కడి టార్గెట్ మీద పది పాయింట్ల వలయం వెడల్పే 12 అంగుళాలు.

కమిటీవాళ్ల భయం నాకు అర్థం కాక కాదు. 2017లో కాన్సస్ రాష్ట్రం ఒలేథాలో బార్‌లో కూర్చున్న మన హైదరాబాద్ కుర్రాణ్ణి కాల్చి చంపారు. గ్యాస్ స్టేషన్లలో పనిచేసే మన పిల్లల మీద కాల్పుల వార్తలు ఇప్పటికీ వింటున్నాం. అలాంటి దుఃఖం మోస్తున్నవాళ్లు ఆ హాల్లోనూ ఉండొచ్చు. తుపాకీ చట్టాలు గట్టిగా ఉండాలని నేనూ అంటాను. కానీ 2012 లండన్ ఒలింపిక్స్‌లో గగన్ నారంగ్ ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిస్తే మన హైదరాబాదీ అని చంకలు గుద్దుకున్నది మనమే కదా? అక్కడ గెలిస్తే గర్వం, మనింటి పిల్ల నేర్చుకుంటే "ఆడపిల్లకి ఇవెందుకు?" అని బుగ్గలు నొక్కుకోవడం.

సంక్రాంతి సన్మానాల జాబితా ఇప్పుడే తయారవుతోంది. ఫొటో వద్దంటే వద్దు, స్లైడ్ మీద రైఫిల్ బొమ్మ కూడా పెట్టొద్దు. పేరు మాత్రం చదవండి. "స్పోర్ట్స్" అని దాటెయ్యకుండా "రైఫిల్ షూటింగ్" అనే చదవండి. శాలువాకి బడ్జెట్ లేదంటే మేమే తెచ్చుకుంటాం.