ప్రయాణ కారణం అనే గడి

శ్రీకాకుళం జిల్లాలో కారణం లేకుండా ఎవరూ ఎక్కడికీ వెళ్ళరు. ఈ మాట ఊరికే అనడం లేదు. 38 ఏళ్ళు ఖజానా ఆఫీసులో కూర్చుని పరాయివాళ్ళ ప్రయాణ భత్యం (టీఏ) బిల్లులు పరిశీలించినవాణ్ణి. బయలుదేరిన చోటు, చేరిన చోటు, కిలోమీటర్లు, తరగతి, వీటన్నిటి పక్కన ‘ప్రయాణ కారణం’ అని ఒక గడి ఉంటుంది. మిగతావాటిలో తప్పుంటే దిద్దించుకునేవాణ్ణి. ఆ గడి ఖాళీగా ఉంటే మాత్రం బిల్లు వాపసు. పాలకొండ దాకా వెళ్ళొచ్చినవాణ్ణి కూడా ఎందుకెళ్ళావని ఎర్ర సిరాతో అడిగిన చెయ్యి ఇది.

ఆ చెయ్యే ఇప్పుడు ఓడ టికెట్టు ఫారం నింపడానికి పూనుకుంది.

ఓడలో ప్రపంచం చుట్టిరావాలన్న పథకం పాతదే. 58కి రిటైరై 59లో ఓడెక్కాలని నా లెక్క. 2014లో ప్రభుత్వం రిటైర్మెంటు వయసు 60 చేసింది. సరేలే, ఓడ రెండేళ్ళు రేవులో ఆగితే మునిగిపోతుందా అనుకున్నాను. 2022లో దాన్ని మళ్ళీ 62 చేసింది. ఆ రోజు మా ఇంట్లో స్వీట్లు పంచారు. నేనొక్కణ్ణే ప్రపంచ పటం మడిచి బీరువా మీద పెట్టుకున్నాను.

62 నిండి, శాలువా కప్పించుకుని, గోడ గడియారం పట్టుకుని ఇంటికొచ్చాక డబ్బు సంగతి తేలింది. గ్రాట్యుటీ అబ్బాయి ఫ్లాటుకి పోయింది. పెన్షన్లో 40 శాతం కమ్యుటేషన్ చేసి, అంటే ముందే ఒకేసారి తీసేసుకుని, తెచ్చింది అమ్మాయి పెళ్ళి బాకీలకి పోయింది. కోత పోయిన ఆ పెన్షన్ మళ్ళీ పూర్తిగా చేతికి రావాలంటే 15 ఏళ్ళు, అంటే నాకు 77 రావాలి. మిగిలింది 300 రోజుల సంపాదిత సెలవు తాలూకు సొమ్ము. అదైనా నాదే కదా అన్నాను. మా ఆవిడ ఒప్పుకోలేదు. అది 300 రోజులు ఎక్కడికీ వెళ్ళకుండా ఉన్నందుకు ప్రభుత్వం ఇచ్చిన డబ్బు, దాన్ని పట్టుకెళ్ళి ఎక్కడికో వెళ్ళడానికి ఖర్చు పెట్టడం ఆ డబ్బుని అవమానించడమే అంది. ఆడిట్లో ఇంత పదునైన అభ్యంతరం నేనెప్పుడూ రాయలేదు.

సాయంత్రాలు ఏడు రోడ్ల కూడలి దగ్గర టీ కొట్టులో మా కమిటీ కూర్చుంటుంది. రిటైర్డ్ హెడ్మాస్టరు గారిది భూగోళం. ఆర్టీసీలో కంట్రోలరుగా చేసిన బావగారిది రవాణా. నాది ఆర్థికం. మా ఊళ్ళోకి రైలే రాదు. ఆమదాలవలసలో ఆగి, ఆ స్టేషనుకి ‘శ్రీకాకుళం రోడ్డు’ అని పేరు పెట్టించుకుని, తన దారిన తను పోతుంది. అక్కణ్ణుంచి ఆటో కట్టుకుని మనమే ఊరికి రావాలి. అలాంటి ఊళ్ళో కూర్చుని, ఐరోపాకి సూయజ్ కాలువ మీంచి పోదామా, ఆఫ్రికా చుట్టూ తిరిగి పోదామా అని నెల రోజులు చర్చించాం. హెడ్మాస్టరు గారు సూయజ్ అన్నారు. ఆ కాలువలో ఓడలకి టోలు కట్టాలని తెలిసిన క్షణమే బావగారు ఆఫ్రికా వైపు తిరిగిపోయారు. మడపాం టోలుగేటు తప్పించుకోవడానికి ఊళ్ళ మీంచి పోయే డ్రైవర్లని చూసి చూసి ఉన్న మనిషి మరి.

“ఓడ దార్లో పాడైపోతే వేరే ఓడ వేస్తారేటి?” అని బావగారే ఇంకోరోజు అడిగారు.

అందరూ నవ్వారు గానీ అడగదగ్గ ప్రశ్నే. ఏళ్ళ తరబడి ప్రపంచం చుట్టూ తిరుగుతూనే ఉంటామన్న ఓడ ఒకటి 2024లో బెల్‌ఫాస్ట్ రేవులో మరమ్మతులకి ఆగి, మే నుంచి సెప్టెంబరు ఆఖరుదాకా కదల్లేదు. ప్రయాణికుల్ని పగలు ఓడ మీదికి రానిచ్చి రాత్రికి దింపేసేవారు. అంతకు ముందు ఏడాది ఇంకొకటి మూడేళ్ళ యాత్ర అని డబ్బు కట్టించుకుని, అసలు బయలుదేరనే లేదు. ఇల్లు అద్దెకిచ్చేసి పెట్టెలు సర్దుకున్నవాళ్ళు ఆ పెట్టెలతోనే మిగిలారు. మంజూరైంది, బడ్జెట్టు లేదు అనే వాక్యం నేను వేలసార్లు రాశాను. అది సముద్రం మీద కూడా చెల్లుతుందని తెలిశాక నాకు ప్రపంచం మీద కొంచెం నమ్మకం కలిగింది. బావగారు మాత్రం, “మనోళ్ళే నయం, గంటలో వేరే బండి ఏసీవోళ్ళం” అని టీ గ్లాసు కింద పెట్టేశారు.

అందుకని ప్రపంచయాత్ర వాయిదా వేసి దగ్గరి ఓడ చూసుకున్నాం. 2022 జూన్‌లో ఎంప్రెస్ అనే ఓడ విశాఖకి వచ్చింది. పుదుచ్చేరి, చెన్నై వైపు తిప్పడం మొదలుపెట్టారు. 2023లో విశాఖ రేవులో 96 కోట్ల రూపాయలతో కట్టిన క్రూజ్ టెర్మినల్ కూడా మొదలైంది. అలవాటు కొద్దీ ఆ ఓడ సర్వీసు రిజిస్టరు తిరగేశాను. 1990లో వేరే పేరుతో, వేరే దేశంలో డ్యూటీలో చేరిందట. నేను చేరింది 1986. అంటే నాకంటే నాలుగేళ్ళు జూనియరు. నన్ను ఇంటికి పంపించి దానికి రంగులేసి తిప్పుతున్నారంటే పదవీ విరమణ నియమాలు నేల మీద ఒకటి, నీళ్ళ మీద ఒకటి అన్నమాట.

విశాఖలో ఒక ట్రావెల్స్ వాళ్ళు ఓడల గురించిన పుస్తకం ఇచ్చారు. నిగనిగలాడే మందపాటి కాగితం. అరచేతిలో పెట్టుకుంటే బరువు తెలుస్తుంది. అట్ట మీద తెల్లటి ఓడ, దాని మీద ఈతకొలను. చుట్టూ అన్ని నీళ్ళుండగా పైన మళ్ళీ ఒక కొలను ఎందుకో, ఆ ఖర్చు ఏ పద్దు కింద రాశారో అర్థం కాలేదు. ఎర్ర పెన్ను తీశాను.

కిటికీ లేని గదికి ఒక రేటు, కిటికీ ఉన్నదానికి ఒకటి, బాల్కనీకి ఇంకొకటి. ఒకే సముద్రానికి మూడు రేట్లు: అభ్యంతరం. వేగం నాట్లలో రాశారు, గంటకి 1.852 కిలోమీటర్లు ఒక నాటు. టీఏ నియమాల్లో నాట్లు లేవు: మార్చి రాయవలెను. పనివాళ్ళకిచ్చే టిప్పు తలకింత, రోజుకింత అని ముందే బిల్లులో కలిపేస్తారు. ఇక్కడ పెన్ను ఆగింది. మామూలుని బాహాటంగా రాసి, దానికి రశీదు ఇచ్చే వ్యవస్థని నా సర్వీసులో చూడలేదు. గౌరవంతో టిక్కు పెట్టాను.

అసలు చిక్కు పసిఫిక్‌లో వచ్చింది. పడమర దిక్కుగా దినరేఖ దాటితే క్యాలెండర్లో ఒక రోజు మాయమవుతుంది. మంగళవారం పడుకుంటే లేచేసరికి గురువారం. ఆ బుధవారానికి దినభత్యం ఇవ్వాలా, వద్దా? రాత్రి రెండింటిదాకా దాని మీద నోట్ రాశాను. ఇంకో చిక్కు కూడా ఉంది. పెన్షనర్లు ఏటా బతికే ఉన్నామని రుజువు ఇచ్చుకోవాలి కదా. ప్రపంచయాత్రలు మామూలుగా జనవరిలో మొదలై ఎండాకాలం దాకా సాగుతాయి. ఆ రుజువు గడువు నేను ఓడలో ఉండగా వస్తే? ఫోన్లో మొహం చూపించి జీవన ప్రమాణ్ ఇవ్వొచ్చు నిజమే, కానీ నడిసముద్రంలో ఇంటర్నెట్‌కి వేరే బిల్లు. బతికున్నానని చెప్పుకోవడానికి డబ్బు కట్టాలి, కట్టకపోతే పెన్షన్ రాదు, పెన్షన్ రాకపోతే కట్టలేను.

ఈ నోట్ ఫైలంతా తీసుకెళ్ళి మంజూరు చేసే అధికారి ముందు పెట్టాను. మా ఆవిడ వీధి అరుగు మీద పేపరు పరుచుకుని మునగాకు దూస్తోంది. రెమ్మ పట్టుకుని వేళ్ళతో ఒక్క లాగు లాగితే ఆకంతా పేపరు మీదకి రాలుతోంది. కళ్ళజోడు ముక్కు మీదకి దించి అట్ట చూసింది.

“ఈ ఓడ ఎక్కడికెళ్తుందండీ?”

“చెన్నై.”

“చెన్నైలో ఎవరున్నారు?”

“ఎవరూ లేరు.”

“మరి?”

ఇంకో రెమ్మ తీసుకుంది. ఫైలు వాపసు.

ఆలోచిస్తే తప్పు పట్టడానికి లేదు. మా వైపు మనిషి ఊరు దాటాలంటే పెళ్ళి ఉండాలి, లేదా చావు, కోర్టు వాయిదా, విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో ఎవరినో చేర్చి ఉండాలి. కాశీకి బస్సు కట్టించుకుని పోయేవాళ్ళున్నారు, వాళ్ళది మాత్రం యాత్ర కాదా అంటే, యాత్రే. బస్సు పైన గ్యాసు పొయ్యి, డేగిసాలు, బియ్యం బస్తా, వెనక సీట్లో వంటవాడు. పొద్దున్న పెట్రోలు బంకుల్లో స్నానాలు, మధ్యాహ్నం ఏ చెట్టు కిందో పప్పూ అన్నం. 20 రోజుల్లో సగం దేశం తిరిగొచ్చినా మనవాళ్ళ వంట తప్ప వేరే ముద్ద నోట్లో పడదు. కానీ కారణం గట్టిది. తండ్రికి గయలో పిండం పెట్టాలి, గంగ తేవాలి, వచ్చి సమారాధన చెయ్యాలి. తాజ్‌మహల్ చూశామని ఇంటికొచ్చాక మెల్లిగా చెబుతారు, దారిలో తగిలిందన్నట్టు. 2020 మార్చిలో రైల్వే వాళ్ళు పెద్దవాళ్ళకిచ్చే రాయితీ ఎత్తేసినా ఈ బస్సులు ఆగలేదు. రాయితీ పోయినా కారణం పోలేదు మరి.

పోనీ ఓడలంటే మాకు కొత్తా అంటే అదీ కాదు. మా తాతల కాలంలో కళింగపట్నం, బారువ రేవుల నుంచి జనం స్టీమరెక్కి రంగూన్ పోయేవారు. రంగం వెళ్ళాడు అనేవారు. పైన ఈతకొలను లేదు, డెక్కు మీద చాప. మా నాన్నగారి చిన్నాన్న ఒకాయన అలా వెళ్ళాడు. 1941 డిసెంబరులో రంగూన్ మీద బాంబులు పడ్డాక చాలామంది కొండలూ అడవులూ పట్టి నడిచొచ్చారు. ఆయన రాలేదు. మొన్నమొన్న 2018 నవంబరులో, మా తీరం నుంచి గుజరాత్ వెళ్ళి అక్కడి పడవల్లో వేటకి పోయిన కుర్రాళ్ళు పాకిస్తాన్ వాళ్ళకి పట్టుబడి కరాచీ జైల్లో ఉన్నారు. 2020 జనవరిలో గానీ వాఘా దాటి రాలేదు. అది కూడా సముద్రయానమే. విదేశం, బస, భోజనం అన్నీ అందులోనే. ఆ గడిలో వీళ్ళందరూ రాసుకున్న కారణం ఒకటే, రెండక్షరాలు: కూడు. ఏ ఆడిటరూ అడ్డుపెట్టలేడు.

ఉద్దానం నుంచి ఓడల్లో పనికి పోయిన కుర్రాడొకడు సెలవుకొచ్చాడని తెలిసి, అనుభవజ్ఞుల సలహా ఉంటే మంచిదని వెళ్ళాను. “ఓడలో ముఖ్యంగా చూడాల్సినవేవి బాబూ?” అన్నాను. “ఇంజను గది మావయ్యా. నాను అదే సూసీవోణ్ణి. సముద్రం ఎలగుంటాదో ఇంటికొచ్చి బీచికెళ్ళి సూశాను,” అన్నాడు.

అయినా పట్టు వదల్లేదు. గడి నింపడానికి నానా తిప్పలూ పడ్డాను. గాలి మార్పు కోసం డాక్టరు చెప్పారని రాశాను. ఏ డాక్టరు, చీటీ ఏదీ అని వచ్చింది. విజ్ఞానార్జన అన్నాను, ఈ వయసులో ఆర్జించి ఎవరికి చెబుతారు అని వచ్చింది. సముద్ర స్నానం పుణ్యమన్నాను. “మాఘ పౌర్ణమికి కళింగపట్నంలో మునిగితే వచ్చేది పుణ్యం కాదేటి? ఆటోలో పోయి ఆటోలో వచ్చేయొచ్చు,” అంది. పైగా ఓడలో ఉన్నది కొలను స్నానమే, సముద్రంలోకి దిగనివ్వరు కూడాను. ఆ సంగతి ఆవిడకి తెలియనివ్వలేదు.

విజయనగరంలో ఉన్న మా తోడల్లుడు ఫోన్లో ఓదార్చాడు. ఆయనా ఏటా సింగపూర్ ఓడ అనుకుంటాడు; దసరా వెళ్ళాక పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి చుట్టాలొస్తారని ఏటా ఆగిపోతాడు. 11 ఏళ్ళుగా ఆయన ఓడని అమ్మవారు ఆపుతోంది. నాకు ఆ పాటి సాకు కూడా లేదు.

ఇలా ఉండగా కిందటి ఆదివారం డాలస్ నుంచి అమ్మాయి ఫోన్ చేసింది. మార్చిలో పురుడు.

మంజూరుకి ఎంతసేపు పట్టిందంటారా? స్పీకర్ ఆన్‌లో ఉండగానే. సంపాదిత సెలవు సొమ్ము పరువు గురించి ఎవరూ మాట్లాడలేదు. అడ్డు పెట్టడానికి నేను కూడా ఒక్క లోపం పట్టలేకపోయాను. వీసా ఫారంలో ‘ప్రయాణ ఉద్దేశం’ అని గడి కనబడగానే నాకు కళ్ళు చెమర్చాయి. ప్రపంచంలో ఇంకా పద్ధతి మిగిలే ఉంది. ఆరు నెలలు. గది లోపలిదేనట, కిటికీ పక్కింటి గోడ మీదకి తెరుచుకుంటుందట. పగలు డ్యూటీ నాది, రాత్రి ఆవిడది.

ఇవాళ పెట్టెలు సర్దుతున్నాం. ఒక్కో పెట్టె 23 కిలోలు. చోడిపిండి, కందిపొడి, బాలింత కాయం, ఇంగువ, నువ్వులుండలు, పొందూరు ఖద్దరు మెత్తటి పంచె చింపి కుట్టిన పొత్తిగుడ్డలు, బెల్లం ఆవకాయ రెండు సీసాలు. కొక్కేనికి తగిలించి ఎత్తే తూకం ఒకటి కొన్నాం. నేను ఎత్తి పట్టుకుంటాను, ఆవిడ అంకె చదువుతుంది. 23 కిలోల 200 గ్రాములు చూపించింది. ఆవిడ పెట్టె మళ్ళీ విప్పి, బట్టల అడుగున చెయ్యి పెట్టి, నేను దాచుకున్న ఓడల పుస్తకం బయటికి లాగింది. అరచేతిలో పెట్టుకుని బరువు చూసింది. ఏమీ అనలేదు. అట్ట చింపి, మిగతాది పాత పేపర్ల కట్టలో పడేసింది.

నిగనిగలాడే కాగితం కదా, నూనె పీల్చదు. ఆ అట్టని ఆవకాయ సీసా చుట్టూ చుట్టి రబ్బరు బ్యాండు వేసింది. మళ్ళీ తూచాం. సరిగ్గా 23.

మొత్తానికి ఓడ విమానం ఎక్కుతోంది.