చదరపు నాణెం: ఒక సవినయ సమర్థన

నాణెం గుండ్రంగా ఉండాలన్న పట్టుదల శాంతికాలపు విలాసమేనని ఒకప్పటి యూరప్ కోటల కోశాధికారులు రుజువు చేశారు. 1529లో తుర్కుల సుల్తాన్ సులేమాన్ సేనలు వియన్నాను చుట్టుముట్టినప్పుడు ఊళ్లోని పాలకులు తమ ఏలిక, ఆస్ట్రియా ప్రభువు ఫెర్డినాండ్ బొమ్మతో చదరపు నాణేలు ముద్రించి, వాటిమీదే ‘తుర్కులు ముట్టడించిన వియన్నా’ అని రాయించారు. ప్రభుత్వం తాను చిక్కుల్లో పడ్డ సంగతిని ఇంత బాహాటంగా, అదీ డబ్బుమీదే, ఒప్పుకోవడం ఆర్థిక చరిత్రలో అరుదైన ఘట్టం.

రాజభక్తి ఎంత గాఢమైనదైనా జీతం ఆలస్యమైతే పలచబడుతుంది కనుక, బయటినుంచి ఖజానా రాని కోటలో ఇంటింటి వెండి కంచాలే ఖజానా అయ్యాయి. రేకులోంచి గుండ్రటి బిళ్లలు తీస్తే తుంపులు మిగులుతాయి; వాటిని మళ్లీ కరిగించాలి. మైసూరుపాకు కోసినట్టు నాలుగు పలకల ముక్కలుగా కోస్తే ఆ బాధ లేదు. చార్లెస్ రాజుకూ పార్లమెంటుకూ నడిచిన ఇంగ్లండ్ అంతర్యుద్ధంలో రాజపక్షాన నిలిచిన న్యూఆర్క్ పట్టణం 1645, 1646ల్లో ఇలాగే 30, 12, 9, 6 పెన్నీల నాణేలు తెచ్చింది. ఒకవైపు కిరీటం, చార్లెస్ పొడి అక్షరాలు, విలువ. రెండోవైపు ముట్టడిలో ఉన్నామన్న ప్రకటన. కొన్నింటిపై పాత పాత్రల బంగారు పూత ఇప్పటికీ కనిపిస్తుంది. ఈ సొమ్ము ఎవరి వంటింటినుంచి వచ్చిందో దాచని ప్రభుత్వాన్ని మెచ్చుకోకుండా ఎలా ఉండగలం?

అదే యుద్ధంలో రాజపక్షానే ఉన్న స్కార్‌బరో కోటవారు ఇంకా నిక్కచ్చి మనుషులు. ముక్క ఎంత తూగితే అంత విలువ వేశారు. దాంతో 2 షిల్లింగుల 10 పెన్నీల (షిల్లింగంటే 12 పెన్నీలు) నాణెం వంటి వింతలు పుట్టాయి. చిల్లర ఇవ్వాల్సిన దుకాణదారుడి గోడు యుద్ధ చరిత్రకారులు పట్టించుకోలేదు.

అయితే త్యాగంలో ప్రథమ తాంబూలం ఫ్రెంచి సేనాని మెలాక్‌ది. 1702లో, ఫ్రెంచివారి చేతిలో ఉన్న జర్మన్ పట్టణం లాండౌను శత్రువులు ముట్టడించినప్పుడు, ఆయన సొంత వెండి భోజనపాత్రలనే ముక్కలు చేయించి, వాటిపై తన వంశచిహ్నం వేయించాడు. కొన్ని ముక్కల అంచున పళ్లెపు నగిషీ అలాగే మిగిలింది. జీతం పుచ్చుకున్న సిపాయికి, సేనాని విందుల్లో తనకెన్నడూ దక్కని వాటా ఆ విధంగా దక్కింది.

పాలనలో అవిచ్ఛిన్నత అంటే ఏమిటో మాత్రం ఇంగ్లండ్‌లో రాజపక్షపు పాంటిఫ్రాక్ట్ కోట చూపించింది. 1649 జనవరిలో లండన్‌లో చార్లెస్ రాజు తల తీశారు. కోటలోని టంకశాల అధైర్యపడలేదు. కొడుకు పేరిట ఎనిమిది పలకల నాణేలు కొట్టి, వాటిపై లాటిన్‌లో ‘తండ్రి మరణానంతరం కుమారుడి కొరకు’ అని వేసింది. మన కార్యాలయాల్లో కారుణ్య నియామకపు ఉత్తర్వు కూడా ఇంత త్వరగా వెలువడదు. ఆ మార్చిలోనే కోట లొంగిపోయింది, పార్లమెంటు దాన్ని పడగొట్టించింది.