సవరణ: టీవీ ‘ట్వెల్వ్ యాంగ్రీ మెన్’ లూమెట్‌ది కాదు

అమెరికన్ సినిమా దర్శకుడు సిడ్నీ లూమెట్ మీద మొన్న పెట్టిన పోస్టులో రెండు తప్పులు దొర్లాయి. హత్య కేసులో తీర్పు తేల్చడానికి పన్నెండుమంది జ్యూరీ సభ్యులు ఒకే గదిలో వాదించుకునే కథ ‘ట్వెల్వ్ యాంగ్రీ మెన్’ని ఆయన ముందు టీవీకి, తర్వాత సినిమాగా తీశారని రాశాను. పొరపాటు నాదే. 1954 సెప్టెంబరు 20న అమెరికన్ టీవీ సంస్థ సీబీఎస్ నాటకాల కార్యక్రమం ‘స్టూడియో వన్’లో లైవ్‌గా వచ్చిన నాటకానికి దర్శకుడు ఫ్రాంక్లిన్ షాఫ్నర్ (తర్వాత ‘ప్యాటన్’కి ఆస్కార్ అందుకున్నది ఈయనే). లూమెట్ తీసింది 1957 నాటి సినిమా. ఆయనా సీబీఎస్ లైవ్ టీవీలోనే చెయ్యి తిరిగినవాడు కావడంతో ఈ గందరగోళం తరచూ జరుగుతుంది. జోసెఫ్ స్వీనీ, జార్జ్ వోస్కోవెక్ రెండింటిలోనూ నటించారు.

రెండోది, గది ఇరుకైపోతున్నట్టు అనిపించడానికి వైడ్ లెన్సులు (ఎక్కువ వెడల్పు చూపించేవి) వాడారన్నాను. జరిగింది దానికి పూర్తిగా వ్యతిరేకం. కథ సాగేకొద్దీ లెన్సుల ఫోకల్ లెంగ్త్ (ఇది పెరిగేకొద్దీ తక్కువ మేర, దగ్గరగా కనిపిస్తుంది) పెంచుకుంటూ పోయారు, దాంతో వెనక గోడలు మనుషుల వీపులకు అతుక్కున్నట్టు కనిపిస్తాయి. కెమెరా మొదటి మూడో వంతులో కంటి ఎత్తుకు పైన, తర్వాత కంటి ఎత్తులో, చివర్లో దానికి కింద ఉంటుంది. అందుకే ఆఖరికి సీలింగ్ కూడా మీద పడుతున్నట్టుంటుంది. వైడ్ లెన్స్ మాట పూర్తిగా ఉత్తదేం కాదు: జ్యూరీ బయటికొచ్చే చివరి షాట్‌కి సినిమా మొత్తంలోకెల్లా వైడ్ లెన్స్ పెట్టారు. ఊపిరాడేది అక్కడే.

మొదటి విషయానికి ఆధారం ఆనాటి ప్రసార వివరాలు, రెండోదానికి లూమెట్ స్వయంగా చెప్పుకున్న చిత్రీకరణ వివరణ.