పద్నాలుగేళ్ల అనుభవం కొట్టేస్తేనే కోడింగా?

అమీర్‌పేట మైత్రీవనం దగ్గర కరపత్రాలు పంచే కుర్రాళ్లు ఇప్పుడు తల నెరిసినవాళ్ల చేతిలోనూ ఒకటి పెడుతున్నారు. ఫుల్ స్టాక్, డేటా సైన్స్, 'నాన్ ఐటీ వాళ్లకూ అవకాశం'. ముప్పై ఐదు దాటినవాళ్లు కోడింగ్ నేర్చుకోవడం మంచిదే. నా గొడవల్లా వాళ్లని ఉద్యోగానికి తయారుచేస్తున్న తీరుతోనే.

మా తోడల్లుడికి 38 ఏళ్లు. రాణీగంజ్‌లో పైపులు, పంపులు అమ్మే షాపులో పద్నాలుగేళ్లుగా లెక్కలు చూస్తున్నాడు. నిరుడు ఒక ఇన్‌స్టిట్యూట్‌లో జావా కోర్సుకి డబ్బు కట్టాడు. మూడో నెలలో వాళ్లే రెజ్యూమె తయారుచేసి ఇచ్చారు. అందులో ఎప్పుడూ పేరు వినని కంపెనీలో నాలుగేళ్ల జావా అనుభవం ఉంది. రాణీగంజ్ ఊసే లేదు. ఇదేంటని అడిగితే, 'అకౌంటెంట్ అని పెడితే కాల్ కూడా రాదన్నా' అన్నారట.

ఫేక్ ఎక్స్‌పీరియన్స్ తప్పని అందరూ అంటారు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికితే ఉద్యోగమూ ఊడుతుంది. నాకు మాత్రం ఆ దొంగ నాలుగేళ్ల కంటే, కొట్టేసిన అసలు పద్నాలుగేళ్ల మీదే ఎక్కువ బాధ. అతని దగ్గర అమ్ముడుపోయే సరుకు అదొక్కటే.

ఎలాగంటారా? నెలనెలా జీఎస్టీ రిటర్ను వేసే షాపుకి 14వ తేదీన జీఎస్టీఆర్-2బీ అనే పట్టిక వస్తుంది. సరుకు పంపినవాళ్లు చూపించిన బిల్లులన్నీ అందులో ఉంటాయి. వాటిని మన కొనుగోలు పుస్తకంతో సరిచూసుకుని 20లోగా 3బీ అనే రిటర్ను వేయాలి. 2022 జనవరి నుంచి, 2బీలో కనబడని బిల్లుకి ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నుని మనం కట్టాల్సినదాంట్లో తగ్గించుకునే వీలు, లేదు. షాపు పుస్తకంలో 'ఐఎన్‌వీ/0023' అని ఉన్న బిల్లుని అవతలివాడు ఉత్త '23' అని కొడతాడు. రౌండాఫ్‌లో రూపాయి తేడా వస్తుంది. మార్చి 31 బిల్లు ఏప్రిల్‌లో తేలుతుంది. ఇవన్నీ కంటితో జతచేయడానికి మావాడికి రెండు రాత్రులు పట్టేది. జావా పక్కనపెట్టి, ఆదివారాలు కూర్చుని పైథాన్ నేర్చుకున్నాడు. బిల్లు నంబరులో అక్షరాలు, గీతలు, ముందున్న సున్నాలు తీసేసి, జీఎస్టీ నంబరు కలిసిందో లేదో చూసి, రూపాయి తేడా ఉన్నా సరేననే చిన్న ప్రోగ్రాం రాశాడు. ఇప్పుడు టీ తాగేలోపు అయిపోతోంది. పక్క షాపులవాళ్లు ఇద్దరు నెలకింతని ఇచ్చి చేయించుకుంటున్నారు. బీటెక్ టాపర్ ఆ లూప్‌ని ఇంకా అందంగా రాస్తాడు, కాదనను. కానీ ఆ రెండు బిల్లులూ ఒకటేనని అతనికి ఎవరో ఒకరు చెప్పాలి.

ఆ వయసులో బుర్రకెక్కదనేవాళ్లకి గ్రేస్ హాపర్ పేరు చెబితే చాలు. కాలేజీలో లెక్కలు చెప్పుకునే ఆవిడ 1944లో, 37 ఏళ్ల వయసులో, హార్వర్డ్ మార్క్-1 కంప్యూటర్ దగ్గర ప్రోగ్రాం రాయడం మొదలుపెట్టింది. కోబాల్ అనే ప్రోగ్రామింగ్ భాషకి ముఖ్య ఆధారం ఆవిడ చేసిన ఫ్లో-మ్యాటిక్. ఆ కోబాల్ పట్టుకునే కదా, 2000 సంవత్సరం తేదీల గొడవ నడిచిన వై2కే రోజుల్లో మనవాళ్లు అమెరికా విమానం ఎక్కింది!

ఏఐ వచ్చాక కోడ్ అదే రాస్తోంది, ఫ్రెషర్లకే దిక్కులేదు, నడివయసువాళ్లకెందుకీ టెన్షన్ అనేవాళ్లున్నారు. ఈఎంఐలు నెత్తిన పెట్టుకుని ఉద్యోగం మానేయొద్దంటే నేనూ ఒప్పుకుంటాను. మిగతాది ఒప్పుకోను. కోడ్ రాయడం చవకైన కొద్దీ, వచ్చిన జవాబులో తప్పు పట్టగలిగినవాడి ధర పెరుగుతుంది. 2బీ ముఖం చూడనివాడు ఆ తప్పు ఎక్కడ పడతాడు?

అసలు జబ్బు అమీర్‌పేటది కాదు, మన ఇళ్లది. ఎంసెట్ పేరు ఆంధ్రలో 2021లో, తెలంగాణలో 2024లో మారింది. పద్దెనిమిదేళ్లకి వచ్చిన ర్యాంకుతో మనిషికి జీవితాంతం విలువ కట్టే అలవాటు మాత్రం పోలేదు. కంపెనీల వాకిన్ ప్రకటనలూ అదే బాపతు: టెన్త్ నుంచి 60 శాతం, ఫలానా ఏడాది పాసవుట్ మాత్రమే. సర్కారు నోటిఫికేషన్ నయం, వయోపరిమితి ఇంతని బాహాటంగా రాస్తుంది. ఇక్కడ పాసవుట్ ఇయర్ చాటున అదే పని జరుగుతోంది.

మావాడు ఈసారి రాణీగంజ్ పేరు పెట్టే రెజ్యూమె పంపాడు. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ చేసే ఒక చిన్న కంపెనీ నుంచి కాల్ వచ్చింది. ప్రోగ్రాం సంగతి చెబుదామని గొంతు సవరించుకున్నాడు. అవతలి అమ్మాయి మొదటి ప్రశ్న: 'ఇంటర్‌లో పర్సంటేజ్ ఎంత సార్?' ఆదివారమంతా అటక మీద ఆ మెమో వెతికాడు.