మైదానం లేని చోట జట్టెక్కడిది?

2025 నవంబరు 18న ఢాకాలో భారత ఫుట్‌బాల్ జట్టు బంగ్లాదేశ్ చేతిలో 0-1తో ఓడింది. ఆ జట్టు చేతిలో మనం ఓడడం 22 ఏళ్లలో అదే మొదటిసారి. అంతకు నెల ముందే, సొంతగడ్డ మీద, మడ్గావ్‌లో సింగపూర్‌కు 1-2తో తలవంచి 2027 ఆసియా కప్‌కు దూరమయ్యాం. 2023 జులైలో ప్రపంచ ర్యాంకింగుల్లో 99వ స్థానంలో ఉన్న జట్టు రెండేళ్లు దాటేసరికి 142కు జారిపోయింది. 2024 సంవత్సరమంతా ఆడి ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు.

ఓడిన ప్రతిసారీ కోచ్‌ను మార్చడం మనకు అలవాటైపోయింది. 2024 జూన్‌లో ఇగోర్ స్టిమాచ్‌ను పంపేశారు. తర్వాత వచ్చిన మనోలో మార్క్వెజ్ ఏడాది తిరక్కుండానే వెళ్లిపోయారు. ఇప్పుడు ఖాలిద్ జమీల్ వంతు. రిటైరైన సునీల్ ఛెత్రిని నలభై ఏళ్ల వయసులో మళ్లీ పిలిపించారు. దేశం తరఫున 95 గోల్స్ కొట్టిన ఆ ఆటగాడి మీద మాకు గౌరవమే తప్ప మరో మాట లేదు. అయితే 140 కోట్ల దేశంలో ఆయన చోటు తీసుకునే కుర్రాడు ఒక్కడూ కనిపించలేదంటే ఆ లోటు ఏ కోచ్ తీర్చగలడు? మన పెద్ద క్లబ్బులు గోల్స్ కొట్టే బాధ్యతను ఎక్కువగా విదేశీయుల కాళ్లకే అప్పగించాయి. మన కుర్రాళ్లు అంచుల్లోనో వెనకనో ఆడుతున్నారు. క్లబ్బులో రాని అలవాటు దేశం చొక్కా వేసుకోగానే రాదు.

తెలుగువారు ఈ పతనాన్ని ఎవరో పరాయివారి కష్టంగా చూడలేరు. ఈ దేశం ఫుట్‌బాల్‌లో తలెత్తుకు తిరిగిన రోజుల్లో ఆ తల మనదే. హైదరాబాద్‌లో బడి పంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం జాతీయ జట్టు కోచ్‌గా 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణాలు తెచ్చారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిపారు. జకార్తా ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో గెలిచే నాటికే ఆయన ఒంట్లో క్యాన్సర్ ఉంది; మరుసటి ఏడాదే కన్నుమూశారు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరుసగా అయిదేళ్లు, బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను ఎవరికీ దక్కనివ్వలేదు. గోల్‌కీపర్ తంగరాజ్, తులసీదాస్ బలరాం, యూసుఫ్ ఖాన్ ఆ నేల మీద ఎదిగినవారే.

రహీం సాబ్ విజయాలకంటే ఆయన పద్ధతి మనకిప్పుడు ఎక్కువ అవసరం. బంతి కాలికి తగలగానే అందించాలి, డ్రిబ్లింగ్ (బంతిని తన కాళ్ల దగ్గరే ఉంచుకుని నడపడం) చేయకూడదన్న నియమంతో కుర్రాళ్లకు పోటీలు పెట్టేవారు. బలహీనమైన కాలితోనే ఆడాలన్న పోటీలూ నడిపారు. వీటికి కావలసింది ఓ ఖాళీ స్థలం, పట్టుదల ఉన్న ఓ మాస్టారు, వారం వారం మ్యాచ్‌లు. ఆయన పోయాక ఆ పరంపరను కొనసాగించే ఏర్పాటే లేకపోయింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తర్వాత ఆ కప్పు మన రాష్ట్రానికి రాలేదు. ప్రపంచమంతా 90 నిమిషాలు ఆడుతుంటే మన దేశవాళీ పోటీలు డెబ్భైల దాకా 70 నిమిషాలకే ముగిసేవి. చివరి ఇరవై నిమిషాల్లో మనవాళ్లు చతికిలపడ్డారంటే ఆశ్చర్యమేముంది?

1970 ఆసియా క్రీడల్లో కాంస్య పతకం కోసం మనం ఓడించింది జపాన్‌ను. వాళ్లు 1993లో వృత్తి లీగ్ మొదలుపెట్టినప్పుడు క్లబ్బు పేరులో కంపెనీ పేరు బదులు ఊరి పేరు ఉండాలన్నారు. ప్రతి క్లబ్బూ పిల్లల జట్లను పెంచాలని షరతు పెట్టారు. 1998 నుంచి జపాన్ లేని ప్రపంచకప్ లేదు. మన వృత్తి లీగ్ ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఊరి పేర్లయితే పెట్టుకుంది కానీ వేళ్లు నేలలోకి దిగలేదు. ఐఎస్ఎల్ విజేతగా నిలిచిన హైదరాబాద్ క్లబ్ 2025లో ఢిల్లీకి తరలిపోయింది. ఐఎస్ఎల్‌కు ఆధారమైన పదిహేనేళ్ల వాణిజ్య ఒప్పందం 2025 డిసెంబరులో ముగియనుండగా, కొత్త టెండరుకు ఒక్క బిడ్డూ రాక లీగే నిలిచిపోయే పరిస్థితి వచ్చింది. మన విశాఖ సంగతీ అంతే. 2020లో విశాఖ పేరిట మరో జాతీయ లీగ్ అయిన ఐ-లీగ్‌లో చోటు పొందిన శ్రీనిధి క్లబ్ చివరికి హైదరాబాద్‌లోనే ఆడింది.

విశాఖలో ఆట మీద ప్రేమ లేదనడానికి వీల్లేదు. ఆటు వేళ తడి ఇసుక గట్టిపడగానే ఆర్కే బీచ్‌లో, జాలరిపేట వైపు ఉత్త కాళ్లతో బంతి తన్నే పిల్లలను చూడని నగరవాసి ఉండడు. అలలు ముందుకొస్తే వాళ్ల మైదానం మాయం. మరోవైపు కాలనీల్లో గంటల లెక్కన అద్దెకిచ్చే టర్ఫ్‌లు వచ్చాయి. వేట మీద బతికే ఇంటి పిల్లాడు ఆ గేటు దాటలేడు. నాకౌట్ పద్ధతిలో సాగే పాఠశాల పోటీల్లో తొలి మ్యాచ్ ఓడిన జట్టుకు ఆ ఏడాది ఆట ముగిసినట్టే. ఏటా రెండు మూడు మ్యాచ్‌లాడే పిల్లాడు పదిహేనేళ్లకు ఎక్కడుంటాడు?

చూసే కన్ను ఉంటే ఏమవుతుందో ఈ నగరానికి తెలుసు. సెక్యూరిటీ గార్డు కూతురు జ్యోతి యర్రాజీ ఇక్కడి పోర్టు స్కూల్లో ఉండగా వ్యాయామ ఉపాధ్యాయుడి కంటపడింది. అక్కడి నుంచి హైదరాబాద్, భువనేశ్వర్ శిక్షణ కేంద్రాల మీదుగా 100 మీటర్ల హర్డిల్స్‌లో ఆసియా విజేత అయింది. జనాభాలో మన నగరాన్ని కూడా అందుకోని మిజోరం 2012లో సొంత లీగ్ మొదలుపెట్టి, 2014లో సంతోష్ ట్రోఫీ గెలిచింది. అక్కడి ఐజ్వాల్ క్లబ్ 2016-17లో ఐ-లీగ్ విజేత. అమ్మాయిలను మరవొద్దు: 2025 జులైలో థాయ్‌లాండ్‌ను వాళ్ల గడ్డ మీదే 2-1తో ఓడించి మన మహిళల జట్టు ఆసియా కప్‌కు అర్హత సాధించింది.

అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య తన ఇల్లు చక్కదిద్దుకునే దాకా విశాఖ చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. పన్నెండేళ్లలోపు, పదిహేనేళ్లలోపు బాలబాలికలకు వేర్వేరుగా వార్డుల వారీ లీగ్ పెట్టాలి. ఓడినవారూ ఆడుతూనే ఉండాలి. ఒక్కో జట్టుకు ఏడాదికి ముప్పై మ్యాచ్‌లకు తగ్గకూడదు. చిన్నవాళ్లకు ఏడుగురి జట్లు, చిన్న మైదానం చాలు. పోర్టు, ఉక్కు కర్మాగారం, రైల్వే, నౌకాదళం తమ మైదానాలను వారానికి రెండు సాయంత్రాలైనా పిల్లలకు తెరవాలి. వ్యాయామ ఉపాధ్యాయులకు కోచింగ్ లైసెన్సు శిక్షణ ఖర్చు ప్రభుత్వమే పెట్టాలి. రిఫరీకి మ్యాచ్ రోజే డబ్బు చేతికివ్వాలి. ఎండలు, తుఫాన్ల రోజులు తప్పించి జులైలో లీగ్ మొదలవ్వాలంటే, జూన్‌లో బడులు తెరిచే నాటికే ఏ మైదానం ఏ వార్డుకో, ఏ రోజు ఎవరిదో తేలాలి. ఆ జాబితా తయారు చేయాల్సింది జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) కమిషనర్, జిల్లా విద్యాశాఖాధికారి. మాకు అందిన రోజున దాన్ని వార్డుల వారీగా ఈ పత్రికలో ప్రచురిస్తాం.