బానిస వేషమా? ముందు ఆ పనేంటో చూడండి

మళ్ళీ అదే ఫార్వర్డ్. "అమెరికాలోని వర్జీనియాలో కలోనియల్ విలియమ్స్‌బర్గ్ మ్యూజియంలో నల్లజాతి పిల్లలకు బానిస వేషాలు కట్టిస్తారు. రోజూ వేలంపాట. పాత గుడ్డలు చుట్టుకుని నాలుగు డైలాగులు చెప్పాలి. జీతం సున్నా. అయినా ఆ రోజుల్లో యజమానులు తిండీ బట్టా చూసేవారుగా!" పంపేవాళ్ళలో సగం మంది సెలవుల్లో అక్కడికెళ్ళి ఫొటోలు దిగొచ్చినవాళ్ళే.

పద్దెనిమిదో శతాబ్దపు ఊరిని నిలబెట్టి, ఆనాటి మనుషుల వేషం కట్టి సందర్శకులకు చరిత్ర చెప్పే మ్యూజియం అది. రోజూ వేలంపాట అబద్ధం. బానిసల వేలాన్ని నటించి చూపి, గొడవైన ప్రదర్శన 1994 అక్టోబరు 10న జరిగింది. నడిపింది అక్కడి నల్లజాతి ఉద్యోగులే.

పాత గుడ్డలా? ముతక నార, ఉన్ని. పాలియెస్టర్ అయితే పొయ్యి దగ్గర నిప్పురవ్వ పడగానే కరిగి ఒంటికి అంటుకుంటుంది. లంగా అంచు చీలమండ దాటితే బొగ్గుల్లోకి పోతుంది.

డైలాగుల సంగతి. "పారిపోవచ్చుగా?" అని సందర్శకుడు అడుగుతాడు. బ్రిటిష్ రాజు మీద తిరగబడ్డవాళ్ళ బానిసలు తన సైన్యంలో చేరితే స్వేచ్ఛ ఇస్తానని 1775 నవంబరులో వర్జీనియా బ్రిటిష్ గవర్నరు డన్మోర్ ప్రకటించాడని, వందల మంది పారిపోయి చేరారని తెలియకపోతే నోరు పెగలదు. "నేను" అంటూ బానిస పాత్రలో దిగితే ఆ కాలం తర్వాత జరిగినవేవీ చెప్పకూడదు. అందుకే కొత్తవాళ్ళకు దుస్తులు వేసుకున్నా బానిసల గురించి "వాళ్ళు" అని చెప్పడమే మేలు.

ఇక "తిండీ బట్టా". సాక్షాత్తూ జార్జ్ వాషింగ్టన్ ఎస్టేటు లెక్క చూడండి. మనిషికి రోజుకు సుమారు లీటరు మొక్కజొన్న పిండి, పావుకిలో లోపు ఉప్పుచేప. మగవాడికి ఏడాదికి ఒక జాకెట్టు, రెండు చొక్కాలు, ఒక జత బూట్లు. ఆహా, ఎంత దయ! అరక కట్టే ఎద్దుకూ గడ్డి వేస్తారు. వర్జీనియా 1662 చట్టం ప్రకారం తల్లి బానిసైతే బిడ్డా బానిసే, తండ్రి ఆ యజమానే అయినా సరే. 1669 చట్టం ప్రకారం ఎదురు తిరిగిన బానిస దెబ్బలకు చస్తే యజమాని మీద హత్యానేరం లేదు. ఇదీ "చూసుకోవడం". ఆనాటి విలియమ్స్‌బర్గ్ జనంలో సగం మంది నల్లవాళ్ళే. వాళ్ళ ఊసు దాదాపు లేకుండానే 1979 దాకా అక్కడ చరిత్ర చెప్పుకొచ్చారు.

జీతం మాట మాత్రం పూర్తిగా కొట్టేయలేను. చాలా మ్యూజియాల్లో ఇంటర్న్‌షిప్‌కు పైసా రాదు. అద్దె కట్టుకోగలిగిన ఇంటి పిల్లలే చేరగలరు. చేరబోయేవాళ్ళు ముందే రెండు సంగతులు అడగాలి: డబ్బెంత, సందర్శకుడు నోరు పారేసుకుంటే పాత్ర వదిలి పక్కకు వెళ్ళిపోనిస్తారా.