ఫోన్ లాక్కుంటే అడిక్షన్ పోదండీ

మన ఒడిశా బరంపురం, పర్లాకిమిడి తెలుగోళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది: రోజుకి రెండు గంటలు దాటి గేమ్ ఆడితే అడిక్షనే అని డబ్ల్యూహెచ్‌ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) చెప్పిందట, ఫోన్ లాక్కుని వారం దాచేస్తే పిల్లాడు దారికొస్తాడట, డబ్బులాటలు బ్యాన్ అయిపోయాయి కాబట్టి జేబుకి భయం లేదట. మూడూ తప్పు మాటలే.

డబ్ల్యూహెచ్‌ఓ గేమింగ్ డిజార్డర్‌ని, అంటే గేమ్‌ల వ్యసనాన్ని, జబ్బుల లిస్టులో పెట్టింది నిజమే, 2022 జనవరి నుంచి అమల్లో ఉంది, కానీ అందులో గంటల లెక్కే లేదు. ఆడటం తన అదుపులో లేకపోవడం, తిండీ నిద్రా చదువూ అన్నీ వెనక్కిపోయి ఆటే ముందుకి రావడం, నష్టం కళ్లముందే కనిపిస్తున్నా ఆడుతూనే ఉండడం, ఈ మూడూ చూస్తారు, అదీ మామూలుగా ఏడాది పాటు ఉంటే (బాగా ముదిరితే అంత ఆగరు). దసరా సెలవుల్లో మూడు గంటలు ఆడినా, పిలిస్తే విసుక్కుంటూనైనా లేచొచ్చి అన్నం తిని సాయంత్రం క్రికెట్‌కి పోయేవాడికి ఆ పేరు పెట్టకండి. గంటే ఆడినా దానికోసం అబద్ధాలాడి, రాత్రి దుప్పట్లో దూరి, పొద్దున క్లాసులో తూగేవాడి మీద కన్నేయండి.

ఇక లాక్కోవడం. రాసినాయన మన ఇళ్లు చూసినట్టు లేదు. పిల్లలది ఒడియా మీడియం, మనలో చాలామందికి ఒడియా మాట్లాడ్డం వచ్చుగానీ చదవడం రాదు, హోంవర్కేమో స్కూలు గ్రూపులో వస్తాది, అది పిల్లాడే ఫోన్లో చూసుకోవాలి, వారం ఫోన్ దాచేస్తే ముందు పోయేది చదువే, ఆట మాత్రం పక్కింటి ఫోన్లో మీకు తెలీకుండా నడుస్తాది. 2020 సెప్టెంబరులో పబ్‌జీ బ్యాన్ చేస్తే పిల్లలు ఆటలు మానేశారా? చాలామంది ఫ్రీ ఫైర్ అనే ఇంకో గేమ్‌కి మారారు, 2022లో అదీ పోతే ఫ్రీ ఫైర్ మ్యాక్స్ మిగిలింది. దానికన్నా, మ్యాచ్ మధ్యలో గుంజుకోకుండా "ఈ మ్యాచ్‌తో ఆఖరు" అని ముందే ఒప్పందం చేసుకోండి, మధ్యలో వదిలేస్తే టీమ్‌లో పిల్లలు తిడతారు, ఇంట్లో సగం గొడవ అక్కడే మొదలవుతాది. రాత్రి ఛార్జింగ్ మీ గదిలో పెట్టండి. అన్నం దగ్గర మన రీల్స్ కూడా ఆపాలి, అది మనకే కష్టం అనుకోండి.

డబ్బు విషయానికొస్తే, 2025 ఆగస్టులో వచ్చిన చట్టం డబ్బు కాసి డబ్బు గెలిచే ఆటల మీద. గేమ్ లోపల వాడే డైమండ్లు, స్కిన్లు (ఆటగాడి వేషాలు) డబ్బు పెట్టి కొనడం అందులోకి రాదు. పిల్లాడికి మీ యూపీఐ పిన్ తెలిస్తే ఇవాళే మార్చండి.

పైన చెప్పిన గుర్తులు నెలల తరబడి కనిపిస్తుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యండి, ఫ్రీ, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడొచ్చు. నేరుగా చూపించాలంటే బరంపురం ఎంకేసీజీ ప్రభుత్వ ఆసుపత్రిలో సైకియాట్రీ (మానసిక వైద్య) విభాగం ఉంది, ఎవరేమనుకుంటారో అని ఆగకండి.